జింకచర్మం కుట్టిన సీటు

రాజమండ్రిలో మా ఇంటిని కొన్నవాళ్ళు దాన్ని పడగొట్టి మేడ కట్టుకుంటున్నారని తెలిసి, పోయిన నెల ఒక పూట వెళ్ళి వచ్చాను. ఏదో తెచ్చుకోవాలని వెళ్ళలేదు. ఇన్నేళ్ళు పత్రికల్లో పనిచేసినవాడికి ఇల్లంటే అద్దె గది, ఆస్తంటే చదివేసిన కాగితాల కట్ట. మా అన్నయ్య కొడుకు నిచ్చెన ఎక్కి అటక మీది సామాను ఒక్కొక్కటీ కిందికి అందిస్తున్నాడు. చిల్లుపడ్డ గంగాళం, కాలు విరిగిన పీట, ఎలకలు కొట్టిన చాప. వాటి వెనక నుంచి గోనెగుడ్డ చుట్టిన మూట ఒకటి లాగి, దుమ్ము దులిపి, "ఇదేంటి బాబాయ్? చచ్చిన పిల్లేమో అనుకుని హడలిపోయాను" అన్నాడు. విప్పి చూస్తే సైకిలు సీటు. స్ప్రింగులు తుప్పు పట్టాయి. తోలు ఎండి పెళుసెక్కింది. దాని మీద దబ్బనంతో కుట్టిన జింకచర్మం ముక్క. వెంట్రుకలు చాలావరకు రాలిపోయాయి. అంచుల్లో, కుట్టు మడతల కింద మాత్రం ఇంకా ముదురు తేనెరంగులో నిలిచి ఉన్నాయి. "సైకిలు సీటుకి ఈ చర్మం ఎందుకు బాబాయ్?" అని అడిగాడు. చెబుదామని నోరు తెరిచేసరికి కింద నుంచి మేస్త్రీ పిలిచాడు, అతను వెళ్ళిపోయాడు. అతనికి చెప్పబోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను కాలేజీలో చదువుకునే రోజుల్లో సైకిలు చూడాలంటే దొరల బంగళాల వైపు వెళ్ళాలి. ధవళేశ్వరంలో కాలువల పని చూసే ఇంజనీరు దొర ఒకాయన సీమకు వెళ్ళిపోతూ సామానంతా వేలం వేయించాడు. మా నాన్నగారు ప్లీడరు. అద్దాల బీరువా ఉందని ఎవరో చెబితే లా పుస్తకాలకు పనికొస్తుందని వెళ్ళారు. అక్కడ బీరువానూ, గొడుగులు పెట్టుకునే స్టాండునూ, సైకిలునూ కలిపి ఒకే పాట పెట్టారు. సాయంత్రం ఎడ్లబండిలో బీరువా పడుకుని వచ్చింది. దాని పక్కన తాళ్ళతో కట్టిన సైకిలు, పట్టుబడ్డ దొంగలాగా తల వాల్చుకుని వచ్చింది. "గొడుగులదాన్ని వసారాలో పెట్టించండి. ఆ రెండోదాన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నారు నాన్నగారు. ఆ ఎవరికైనా దొరికే లోపల నేను ఎక్కడం నేర్చుకున్నాను.

అప్పటి సైకిళ్ళు ఇప్పటివాటిలా కావు. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతూనే ఉండాలి, కాళ్ళకు విశ్రాంతి లేదు. పల్లంలో కాళ్ళను అదే తిప్పేసేది. మోకాళ్ళు చెక్కుకుపోయినా, గడ్డం పగిలినా నాకు లెక్క లేకపోయింది. అమ్మ పోయి చాలా కాలమైంది. అన్నయ్య ఉద్యోగం మీద బళ్ళారి వెళ్ళిపోయాడు. ఇంట్లో నాన్నగారు కాగితాల్లో మునిగి ఉండేవారు, అత్తయ్య మడిలో ఉండేది. నన్ను పట్టించుకున్న వస్తువు ఆ ఇంట్లో మొదటిసారి ఒకటి వచ్చిందని నాకనిపించింది.

అత్తయ్య అంటే నాన్నగారి అక్క, సీతమ్మ. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లోనే ఉండిపోయిన మనిషి. గుండు మీదికి లాక్కున్న ముతక తెల్లచీర, బక్కపలచటి శరీరం, ఎప్పుడూ తడిసి ముడతలు పడి ఉండే వేళ్ళు. వంట ఆవిడదే. నేను సైకిలు తుడుచుకుంటుంటే రెండో రోజో మూడో రోజో దూరంగా నిలబడి చూసింది.

"కూర్చునేది దేంతో చేశారురా సూర్యం?"

"తోలుతో అత్తయ్యా."

"ఏ తోలు?"

నాకు తెలీదు. నాన్నగారు కాగితాల్లోంచి తలెత్తకుండా, "గొర్రెతోలు అనుకో అక్కయ్యా. సీమలో గొర్రెలు ఎక్కువ" అన్నారు.

"అనుకుంటే సరిపోతుందిటరా? అలా అనుకోడాలు నీ కోర్టులో చెల్లుతాయి. వంటింట్లో చెల్లవు."

అంతటితో తీర్పు అయిపోయింది. తొక్కాలంటే తొక్కుకోవచ్చు. తొక్కి వచ్చిన తరువాత వీధిగుమ్మంలోంచి రాకూడదు. పెరటి దారిన వచ్చి, నూతి దగ్గర తల మీదుగా స్నానం చేసి, తడిబట్టలు అక్కడే పిండుకుని, అప్పుడు లోపలికి. నూతి దగ్గర ఆ పని పూర్తయ్యేసరికి నాన్నగారు భోంచేసి కోర్టుకు వెళ్ళిపోయేవారు. నా విస్తరి వెనక వసారాలో వేసేవారు. అత్తయ్య గడప అవతల నుంచి వంగి, చేయి చాచి, పైనుంచి వడ్డించి లోపలికి పోయేది. ఆ తరువాత ఎప్పుడో, మధ్యాహ్నం ఎండ పెరట్లో సగానికి జరిగాక, వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని ఒక్క పూట తాను తినేది. ఆవిడ తినడం మాలో ఎవరూ చూడలేదు. తలుపు వెనక కంచు గ్లాసు నేల మీద పెట్టిన చప్పుడు వినిపించేది, అంతే. ముగ్గురు మనుషులున్న ఇంట్లో మూడు వేళల్లో మూడు చోట్ల తినేవాళ్ళం.

తొక్కడం అలవాటైన కొద్దీ దాని మీద పిచ్చి ముదిరింది. తెల్లవారుతూండగా లేచి ధవళేశ్వరం దాకా గోదావరి గట్టున, అక్కడి నుంచి కాకినాడ కాలువ గట్టు పట్టుకుని కడియం లాకు దాకా, అక్కడ దిగి నీళ్ళు తాగి వెనక్కి. వర్షం పడ్డ మర్నాడు గట్టు నల్లరేగడి జిగురై చక్రాన్ని పట్టేసేది, పుల్లతో గీకుతూ నడిపించుకు రావాలి. ఎండాకాలంలో మెత్తటి దుమ్ము. ఆ దుమ్ముకీ, కాలువ నీళ్ళకీ, గట్టు వాలులో ఆరేసిన పేడపిడకలకీ కలిపి ఒక వాసన ఉండేది. నేనుంటున్న మద్రాసు గదిలో ఇప్పటికీ తొలకరి చినుకు పడితే ఒక క్షణం ఆ వాసన వచ్చి పోతుంది.

గాలి లేని రోజున పడవలను మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్ళు. ఆ తాడు గట్టుకు అడ్డంగా నడుము ఎత్తున సాగుతూ ఉండేది. నేను దూరం నుంచే గంట కొట్టేవాణ్ణి. దిగి, తాడు కింద సైకిలును వంచి దాటించి, మళ్ళీ ఎక్కేవాణ్ణి. గంగయ్య అని ఒక సరంగు ఉండేవాడు. చుక్కాని పట్టుకుని నన్ను చూసినప్పుడల్లా నవ్వేవాడు.

"పంతులుగారండీ! మావోళ్ళంటే పడవ లాగుతున్నారు, సెమటోడతన్నారు. తమరినెవరు లాగమన్నారండీ అంత సెమట?"

"ఊరికే గంగయ్యా, ఒంటికి మంచిదని."

"ఊరికేనా అండీ! ఒరేయ్, ఇన్నారా, పంతులుగారు ఊరికే లాగుతున్నారంట! ఆయ్, అయితే ఓపాలి ఇటొచ్చి ఈ తాడట్టుకోండి బాబూ, ఒంటికి ఇంకా మంచిది!"

తాడు లాగేవాళ్ళు ఆగిపోయి మరీ నవ్వేవాళ్ళు. నాకూ నవ్వొచ్చేది. కాని వాళ్ళు ఒకరి భుజం పక్కన ఒకరు, అడుగులో అడుగు వేసి నడుస్తున్నారని దాటి వెళ్ళిన తరువాత గుర్తొచ్చేది. వాళ్ళ పాట వెనక వినిపించి వినిపించి ఆగిపోయేది. తరువాత గొలుసు చప్పుడు ఒక్కటే మిగిలేది.

సైకిలు రాకముందు నాకొక స్నేహితుడుండేవాడు, రామ్మూర్తి. సాయంత్రాలు ఇద్దరం గోదావరి గట్టు మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచేవాళ్ళం. సైకిలు వచ్చాక అతని పక్కన తొక్కుదామని చూశాను. నడిచే మనిషి వేగంతో ఆ బండి నడవదు. నెమ్మదిస్తే పడిపోతుంది. కొంత దూరం ముందుకు పోయి, దిగి, అతను వచ్చేదాకా నిలబడేవాణ్ణి. అతను వచ్చి, "ఏం చెబుతున్నాను?" అనేవాడు. అప్పటికి కబురు మధ్యలో తెగిపోయి ఉండేది. కొన్నాళ్ళకు అతను వేరే వాళ్ళతో నడవడం మొదలుపెట్టాడు. తగాదా ఏమీ లేదు. ఎదురుపడితే చేయి ఊపేవాడు, నేను గంట కొట్టేవాణ్ణి.

తిండి సంగతి చెప్పాలి. తాలింఖానాలో దండీలూ బస్కీలూ చేయించే వస్తాదు నా పిక్కలు నొక్కి చూసి, "రోజూ గుడ్లు, వారానికి రెండు సార్లు వేటమాంసం. లేకపోతే ఈ కాళ్ళు ఇంతే" అన్నాడు. నేను ఆ మాట అత్తయ్యకు చెప్పలేదు, ఎలా తెలిసిందో తెలిసింది. మర్నాటి నుంచి తిరగలి మోగడం మొదలైంది. వేయించిన మినుములు విసిరి సున్నుండలు చేసింది. నువ్వులూ బెల్లమూ రోట్లో దంచి, చేతికి నూనె అంటేలా చిమ్మిలి ముద్దలు చేసింది. తెల్లవారుజామున స్నానం, సంధ్య కాకుండా అన్నం ముట్టకూడదు కాబట్టి, ముందు రాత్రే చక్కెరకేళి అరటిపండూ, ఎండుకొబ్బరి ముక్కా, బెల్లమూ ఒక గుడ్డలో ముడివేసి వసారా గూట్లో పెట్టేది. పళ్ళకు దోషం లేదట. ఎండలో తిరిగి వచ్చిన రోజున దబ్బాకు నలిపి ఉప్పు వేసిన మజ్జిగ, చెంబు నిండా. గడప అవతల నుంచే, "తొందరపడి గటగటా తాగకు, ఊపిరి నిలవనీ" అనేది. నేను ఎంత దూరం వెళ్ళానో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఎంత అన్నం తిన్నానో చూసి ఆవిడే చెప్పేసేది. "ఇవాళ లాకు దాకా పోలేదు నువ్వు. ధవళేశ్వరంలోనే తిరిగొచ్చావు." నిజమే అయ్యేది.

మా వైపు అంతా చదును నేల. ఎత్తెక్కడం అలవాటు కావాలంటే ఉత్తరంగా కోరుకొండ దారి పట్టాలి. ఆ దారి మెల్లగా ఎత్తెక్కుతుంది. ఒక శనివారం అక్కడి దాకా తొక్కి, సైకిలు కొండ కింద పూజారిగారి అరుగుకు ఆనించి, మెట్లెక్కి నరసింహస్వామి దర్శనం చేసుకుని, పులిహోర ప్రసాదం ఆకులో కట్టించుకుని వచ్చాను. అత్తయ్య కోరుకొండ చూడలేదు. ఆవిడ బయటికి వెళ్ళేది గోదావరి స్నానానికి మాత్రమే. ప్రసాదం చూడగానే ఆవిడ ముఖం విప్పారింది. రెండు చేతులూ చాచింది. చాచి, అలాగే ఆగిపోయింది.

"ఇది దేని మీద తెచ్చావు?"

"ముందు కడ్డీకి కట్టుకుని."

"నువ్వు కూర్చున్నది దాని మీదే కదా."

"కూర్చున్నాను."

నాన్నగారు కల్పించుకుని, "ప్రసాదానికి అంటూ ముట్టూ ఏమిటి అక్కయ్యా? కళ్ళకద్దుకుని నోట్లో వేసుకో" అన్నారు.

"నాకూ తెలుసురా. తింటే మడి పోతుంది, తినకపోతే స్వామిని కాదన్నట్టు. వీడు నన్ను ఎక్కడ నిలబెట్టాడో చూడు" అంది. కోపం లేదు ఆ మాటల్లో. దూరం నుంచే దణ్ణం పెట్టుకుంది. చాలాసేపు దాని ఎదురుగా కూర్చుంది. చివరికి ఆకు అలాగే ఆవుకి పెట్టించింది. ఆ రోజు వసారాలో విస్తరి ముందు కూర్చుని నేను సగం అన్నం వదిలేశాను. ఆవిడ అడగలేదు.

ఆ ఏడు చలికాలంలో కాకినాడలో రేవు దొరల క్లబ్బువాళ్ళు సైకిలు పందెం పెట్టారు. సామర్లకోట నుంచి జగన్నాథపురం వంతెన దాకా. మన దేశంవాళ్ళు కూడా రావచ్చన్నారు. గెలవాలన్నది ఒక ఆశ. అంతకన్నా పెద్దది, నాలాగే తొక్కేవాళ్ళను చూడాలని. ఒకడి పక్కన ఒకడు తొక్కితే ఎలా ఉంటుందో నాకు తెలీదు. వానాకాలంలోనే సాధన పెంచాను. చెమటలో, వానలో తడిసి వచ్చి వెంటనే నూతినీళ్ళు పోసుకునేవాణ్ణి. భాద్రపదం వచ్చేసరికి చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్ల కింద పళ్ళు కొట్టుకుంటుంటే నాన్నగారు వచ్చి నుదురు మీద చేయి వేసి చూసి, వసారాలోకి వెళ్ళి అత్తయ్యతో అన్నారు. "ఇంక చాలు. ఆ బండి కాకినాడలో ఎవరో అడుగుతున్నారట. అమ్మేస్తాను. తొక్కితే స్నానం చేయక తప్పదు, చేస్తే వీడు మిగలడు."

నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జ్వరం దిగి కళ్ళు తెరిచేసరికి, మా పురోహితుడు సోమయాజులుగారు వసారా అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయన ముందు సైకిలు. ఆయన దాన్ని ముట్టుకోకుండా చుట్టూ తిరిగి చూశారు.

"జింకచర్మం పవిత్రమే అమ్మా. అందులో సందేహం లేదు. దాని మీద కూర్చున్నవాడికి దోషం లేదు."

"కింద ఇంకేదో ఉన్నా?" అంది తలుపు చాటు నుంచి అత్తయ్య.

"కింద నేల మాత్రం శుద్ధమని ఎవరు చూడొచ్చారు? అందుకేగా పైన చర్మం వేసుకునేది. అయితే ఒక్కటి" అని గడ్డం గోక్కున్నారు. "ఆసనం కదలకూడదు అంటారు. ఇది కదులుతుంది."

"ఆసనం కదలదండీ. చక్రాలు కదులుతాయి. ఆసనం వాటి మీద ఉన్నచోటనే ఉంటుంది."

లోపల నుంచి నాన్నగారు గట్టిగా నవ్వారు. "మీరు ఒప్పేసుకోండి సోమయాజులుగారూ. మా అక్కయ్య కోర్టుకు రాలేదు కాబట్టి నాకు ఇన్ని కేసులు దొరుకుతున్నాయి" అన్నారు.

ఆ చర్మం సంగతి అంతకుముందు నాకు లీలగా తెలుసు. దేవుడి గదిలో గోడకు చుట్టి ఆనించి ఉండేది. అత్తయ్య భర్త జపానికి వేసుకున్నది. ఆయన చాలా పెద్దవాడు, రెండో పెళ్ళి. పెళ్ళిపీటల మీద తప్ప ఆవిడ ఆయన్ని సరిగా చూసింది లేదు. కాపురానికి వెళ్ళకముందే కబురు వచ్చింది. అత్తవారు ఏమి పంపారో, ఏమి ఉంచుకున్నారో నాకు తెలీదు. ఆ చర్మం మాత్రం ఆవిడ దగ్గరికి వచ్చింది. ఏడాదికోసారి ఎండలో వేసి, దులిపి, మళ్ళీ చుట్టి పెట్టేది. దాని మీద ఎవరూ కూర్చోవడం నేను చూడలేదు, ఆవిడ సహా.

ఆవిడే కత్తిపీట మీద కోసింది. ఆవిడే దబ్బనంతో కుట్టింది. తోక వైపు ముక్క. సీటు ముందుకు సన్నంగా ఉంటుంది, చర్మమూ తోక వైపు సన్నంగా ఉంటుంది, అచ్చు సరిపోయింది. కుట్టి, పసుపునీళ్ళు చల్లి, "ఇంక వీధిగుమ్మంలోంచి రా" అంది.

ఒళ్ళు కుదుటపడి మళ్ళీ తొక్కి వచ్చిన మొదటి రోజు చల్లటి నీళ్ళు లేవు. కాళ్ళు కడుక్కుని, పొడిబట్ట మార్చుకుని నడవలోకి వెళితే నాన్నగారి పక్కన నా విస్తరి. నాన్నగారు పక్కకు జరగలేదు. చాలాకాలంగా నేను అక్కడే కూర్చుంటున్నట్టు, "పచ్చడి బాగుంది, వేసుకో" అన్నారు. కందబచ్చలి కూర, ముద్దపప్పు, వేడి నెయ్యి. వేడి అన్నం నోట్లో ఎలా ఉంటుందో మరిచిపోయానని అప్పుడు తెలిసింది.

కాని రెండో రోజు నుంచే ఇంకో సంగతి తెలిసింది. నేను జారుతున్నాను. జింక వెంట్రుక తోక వైపు వాలి ఉంటుంది. తోక ముందుకు పెట్టి కుట్టడంతో వాలు ముందుకు వచ్చింది. ప్రతి తొక్కుకూ నేను కొంచెం ముందుకు, సీటు ముక్కు మీదికి జారేవాణ్ణి. చెమట పడితే మరీ. చేతులతో నెట్టుకుని వెనక్కి జరగడం, మళ్ళీ జారడం. అత్తయ్యకు చెప్పలేదు. కుట్టు కింద వేళ్ళు పెట్టి చూసుకుని ఊరుకున్నాను.

కార్తీకంలో పడవ మీద సైకిలు ఎక్కించుకుని సామర్లకోట చేరాను. పందేనికి వచ్చినవాళ్ళలో రేవు ఆఫీసుల గుమాస్తాలు, రైలు కంపెనీ కుర్రాళ్ళు, ఇద్దరు దొరలు ఉన్నారు. నాలాగా తొక్కేవాళ్ళను చూడటం అదే మొదలు. వాళ్ళంతా ఒకరి టైరు ఒకరు నొక్కి చూసుకుంటూ, పేర్లు పెట్టి పిలుచుకుంటూ ఉన్నారు. ఒక గుమాస్తా నా సీటు చూసి పక్కవాణ్ణి పిలిచాడు.

"ఏమండోయ్, ఇలా చూడండి! మీరు పందేనికొచ్చారా, తపస్సుకొచ్చారా?"

అందరూ నవ్వారు. అతను చెడ్డవాడు కాదు. దగ్గరికొచ్చి చర్మం మీద చేయి వేసి ముందుకీ వెనక్కీ రాశాడు. "ఇది జారిపోతుందండీ. నాలుగు కుట్లేగా, చాకు ఇస్తాను, తీసేయండి. పందెం అయ్యాక మళ్ళీ కుట్టించుకోవచ్చు" అన్నాడు.

చాకు తెరిచి నా చేతిలో పెట్టాడు. అక్కడ మా ఇంటివాళ్ళెవరూ లేరు. రాజమండ్రి చాలా దూరం. నేను ఆ చాకు మూసి అతనికి ఇచ్చేశాను. "ఉండనివ్వండి" అన్నాను.

కొంత దూరం అందరం ఒక గుంపుగా వెళ్ళాం. అటూ ఇటూ చక్రాల హోరు, ముందువాడి వీపు, వెనకవాడి ఊపిరి. నేను ఇన్నాళ్ళూ కోరుకున్నది అదే. అది ఎంతోసేపు నిలవలేదు. ఎండ ఎక్కి చెమట పట్టాక జారడం మొదలైంది. నేను వెనక్కి జరిగినప్పుడల్లా వాళ్ళు ఒక సైకిలు పొడవు ముందుకు పోయారు. తరువాత వీపులు కనిపించాయి. తరువాత దుమ్ము కనిపించింది. తరువాత అదీ అణిగిపోయింది. వంతెన దగ్గరికి నేను చేరేసరికి జెండాలు విప్పేస్తున్నారు. చాకు ఇచ్చిన గుమాస్తా ఒక్కడే ఆగి ఉన్నాడు. సోడా ఇప్పించి, "వచ్చే ఏడు రండి" అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తయ్య వీధిగుమ్మంలో ఉంది. అక్కడ నిలబడటం ఆవిడకు అలవాటు లేదు.

"ముందెవరొచ్చారు?"

"రైలు కంపెనీవాడు."

"నువ్వో?"

"అందరూ వచ్చాక."

ఆవిడ ఇంక నా వైపు చూడలేదు. సైకిలు వైపు చూసింది. సీటు ముందు భాగంలో వెంట్రుకలు అప్పటికే అరిగి చర్మం నున్నగా మెరుస్తోంది. వెనక భాగం కొత్తగా ఉంది. ఆవిడ వంగి, కుట్టిన తరువాత మొదటిసారి ఆ సీటును ముట్టుకుంది. అరచేతితో ముందుకు రాసింది. వెనక్కి రాసింది.

"జారుతున్నావు కదరా."

నేను సైకిలును గోడకు ఆనించాను.

"జపానికి వేసుకునేటప్పుడు తల ముందుకు పెట్టాలని నాకు తెలీదా? తెలుసు. మధ్యలోంచి కోసి ఉంటే ఎటు కావాలంటే అటు తిప్పి కుట్టేదాన్ని." చీరచెంగుతో చేతులు తుడుచుకుంది. "మధ్యలోది కోయలేకపోయానురా. అక్కడ ఆయన కూర్చున్న గుర్తుంది."

లోపలికి వెళ్ళి చర్మం తెచ్చి నేల మీద పరిచింది. నేను దాన్ని పూర్తిగా పరిచి చూడటం అదే. నడిమధ్యన వెంట్రుకలు అరిగిపోయి, ఒక మనిషి బాసింపట్టు వేసుకుని కూర్చున్నంత మేర పలచబడి ఉంది. ఆవిడ దగ్గర ఆయనది అంతే ఉంది. కత్తిపీట పక్కన పెట్టుకుని, "ఇప్పుడు కోస్తాను. నువ్వు ఎటు వైపు కావాలో చెప్పు" అంది.

"వద్దు అత్తయ్యా. అలవాటైపోయింది."

"అలవాటవుతుందా?"

"అయింది."

ఆవిడ నా ముఖం చూసి, చర్మం చుట్టేసింది.

ఆ శనివారం కోరుకొండ వెళ్ళి, పులిహోర ఆకులో కట్టించుకుని తెచ్చాను. ఈసారి ఆవిడ చేతులు ఆగలేదు. తీసుకుని కళ్ళకద్దుకుంది. "కూర్చో" అని నాకు వంటింట్లో పీట వేసింది. నేను వంటింటి గడప దాటి కూర్చోవడం అదే మొదలు. ఆకు విప్పి రెండు భాగాలు చేసి, ఒకటి నా ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకుని, తలుపు దగ్గరగా వేయకుండా తిన్నది. నెమ్మదిగా, చిన్నచిన్న ముద్దలుగా, పక్కకు చూడకుండా తింది. కరివేపాకు తీసి ఆకు చివర వరసగా పెట్టింది. అందులో ఏ విశేషమూ లేదు. ఒక మనిషి పులిహోర తింటోంది. "ఇంగువ ఎక్కువేశారు" అంది. "అవును" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

తరువాత కొన్నాళ్ళకు నేను మద్రాసు వెళ్ళిపోయాను. పత్రికల్లో పడ్డాను. సైకిలును నాన్నగారు ఎవరికో ఇచ్చేశారు. సీటు మాత్రం తీయించి దాచింది ఆవిడేనని ఇప్పుడు తెలుస్తోంది. ఆవిడ పోయినప్పుడు వెళ్ళాను. ఆ చర్మాన్ని ఆవిడతోనే పంపించాం. నడిమి గుర్తు అలాగే ఉంది.

ఇప్పుడు సైకిళ్ళు వీధికి పది. మొన్న రాజమండ్రిలో గట్టు మీద కుర్రాళ్ళు నలుగురు వరసగా, ఒకడి భుజం మీద ఒకడు చేయి వేసుకుని తొక్కుకుంటూ పోవడం చూశాను. కాళ్ళు ఆపినా చక్రాలు తిరుగుతున్నాయి. కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్ళు దేని మీద కూర్చున్నారని ఇంట్లో ఎవరూ అడగరు. అది మంచిదే. గొడ్డుతోలుకూ జింకతోలుకూ తేడా పెట్టిన ఆచారాన్ని నేను పత్రికలో ఎన్నోసార్లు వెక్కిరించాను, ఆ రాతలు వెనక్కి తీసుకోను. నేను రోజూ హోటల్లో తింటాను. ఎవరి పక్కన కూర్చున్నానో చూడను, వాళ్ళూ చూడరు. ఆచారం పోయింది. కాని ఎంత తిన్నానో చూసి, ఎంత దూరం వెళ్ళి వచ్చానో చెప్పే మనిషి ఆ హోటల్లో లేదు.

తిరుగు రైలుకు మా అన్నయ్య కోడలు డబ్బాలో పులిహోర పెట్టి ఇచ్చింది. రైలుపెట్టెలో నేనొక్కణ్ణే. వెంట తెచ్చుకున్న సీటు మూట విప్పితే పాత కుట్లు చేతిలోనే తెగిపోయాయి, చర్మం విడిగా వచ్చేసింది. దాన్ని బల్ల మీద తోక ముందుకు పెట్టి పరిచి, దాని మీద కూర్చుని డబ్బా విప్పాను. రైలు కుదిపినప్పుడల్లా ఒక వేలెడు ముందుకు జారాను. ప్రతిసారీ వెనక్కి జరిగి కూర్చుని, నెమ్మదిగా, చిన్నచిన్న ముద్దలుగా అదంతా తిన్నాను.